నాకూ అంతే

"నాకూ అంతే అన్నయ్యా," ఫోన్లో మాట్లాడుతున్న అతని గొంతు వణికింది. "మా బుజ్జిగాడూ స్కూటర్ ప్రమాదంలోనే పోయాడు."

చల్లటి నిమ్మరసం గ్లాసు మెడకి ఆనించి మొగుణ్ణి ఉలిక్కిపడేలా చేద్దామని మునివేళ్ల మీద వచ్చిన కొత్త పెళ్లికూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

తొలిసారి కలిసినప్పుడు, ఏట్లో మునిగిపోయిన తమ్ముడి గురించి ఆమె చెబితే, తన నేస్తం బుజ్జిగాడూ ఏట్లోనే పోయాడని అతను కంటతడి పెట్టుకున్నాడు. ఆ తడి చూసే ఆమె పెళ్లికి ఒప్పుకుంది.

అతను ఫోన్ పెట్టేశాడు. "ప్రమాద బీమా తీసుకుంటాడటోయ్! నా కమీషన్ ఖాయం!"

"బుజ్జిగాడు పోయింది ఏట్లో కదండీ?"

"ఎదుటివాళ్లు దేనికి ఏడిస్తే వాడు దాంతోనే పోతాడు, పిచ్చి మొద్దూ!" ముద్దుగా ఆమె ముక్కు పట్టి ఊపాడు.

"అసలు వాడున్నాడా?"

"నీకోసమే పుట్టాడు. ఇప్పుడు మనిద్దరికీ తిండి పెడుతున్నాడు."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అతను డైరీ తెరిచి, పెన్ను మూత తీశాడు. "రేపు ఒకావిడతో మాట్లాడాలి. వాళ్లబ్బాయీ నీళ్లలోనే పోయాడట. ఆవిడకి బుజ్జిగాడు చాలడు. మీ తమ్ముణ్ణి బయటికి తీసినప్పుడు ఒంటిమీద ఏ రంగు చొక్కా ఉందో కాస్త చెప్పవా, బంగారం?"