రేటుకు తగ్గ బండి

రేటుకు తగ్గ బండో కాదో నడిపి చూస్తేగాని తెలీదన్నాడు అప్పలరాముడు. అందులో భయపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో బారెడు తాడు ఉంది.

రాజ్‌కిరణ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బైకుల షోరూమ్‌లో సేల్స్‌మన్. కాకినాడ నుంచి వచ్చి ఇంకా నిండా కుదురుకోలేదు. కొత్తగా వచ్చిన అడ్వెంచర్ బైకును వెహికల్ ఫెర్రీ ఎక్కించి హోప్ టౌన్ దాకా తెచ్చాడు. మూడున్నర లక్షల పైమాట. కొంటానన్నది చేపలు పట్టుకునే మనిషి, యాభై దాటినవాడు. ఎప్పుడో వేరే దీవిలో, హట్ బేలో ఉన్నప్పుడు మోపెడ్ ఉండేదట. తర్వాత ఏళ్ల తరబడి బండి ముట్టలేదట. ఈమధ్యే మేనల్లుడి బైకు మీద మళ్లీ చెయ్యి తిప్పుకున్నాడట. అలాంటివాడి చేతికి ఇంత బండి ఇవ్వడమా అనిపించింది రాజ్‌కిరణ్‌కు. కానీ ఈ బండి అమ్మితే ఉద్యోగం పర్మనెంట్ అన్నాడు మేనేజర్.

మైలేజీ, బ్రేకులు, ఫోనుతో కలిసే స్క్రీను అన్నీ ఏకరువు పెట్టాడు. అప్పలరాముడు దేనికీ ఊ కొట్టలేదు. ఇసకలో దిగబడుతుందా, ఎత్తులో ఆగిపోతుందా, అంతే అడిగాడు. ఈలోగా అతని భార్య బుల్లమ్మ ఇసక నింపిన గోనెమూట ఒకటి ఈడ్చుకొచ్చింది. వచ్చి రాజ్‌కిరణ్‌ను ఎగాదిగా చూసింది.

"సరిపోతాడు," అంది మొగుడితో.

దేనికి సరిపోతాడో చెప్పలేదు.

బరువు మీద చూస్తేనే బండి సత్తా తెలుస్తుందని మూటను సీటు మధ్యలో పెట్టారు. రాజ్‌కిరణ్‌ను చివర కూర్చోబెట్టారు. బుల్లమ్మ అతని నడుముకూ మూటకూ కలిపి తాడు చుట్టింది. కొసను బండికి బిగించింది. పడవను కట్టే ముడి. లాగి చూసుకుని మరీ వదిలింది. కస్టమర్ కదా అని మొహమాటపడ్డాడు గాని, అప్పుడే దిగిపోవాల్సిందని అతనికి తర్వాత తెలిసింది.

"చలో బాబు," అన్నాడు అప్పలరాముడు.

రోడ్డు పక్కనే ఉన్నా, బండిని నీళ్ల అంచునుంచి లేపాడు. ఇసక ఎగజిమ్మింది. రాజ్‌కిరణ్ కళ్లు కిందికి దించితే మూట, పక్కకు తిప్పితే సముద్రం. ఆ రెండూ కలిపి ఆలోచించేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. ఇసకమూట కట్టి తోసేస్తే శవం కూడా తేలదు. కుర్రాణ్ణి ఫెర్రీ దగ్గర దించేశామని మొగుడూ పెళ్లాం చెబితే కాదనేదెవరు? బండి ఊరికే దక్కుతుంది.

"ఉన్నావా?" అని అరిచాడు ముందున్నవాడు.

"ఉన్నాను సార్."

బండి ఒక్కసారిగా సముద్రం వదిలి కొండవైపు తిరిగింది. రాజ్‌కిరణ్ హమ్మయ్య అనుకునేలోపే తారు రోడ్డూ పోయింది. రాళ్లు తేలిన దారి, ఇరుపక్కలా పోకచెట్లు, ఆపైన అడవి. మనిషన్నవాడు కనిపించడం మానేశాడు. జేబులో ఫోనుంది గాని దాని మీదనుంచే తాడు బిగిసింది. ముడి విప్పుదామని వేళ్లు పెడితే ఇంకా బిగిసింది.

"ఉన్నావా?"

ఈసారి జవాబుకు కాస్త ఆలస్యమైంది. అప్పలరాముడు గొంతు చించుకుని మళ్లీ అరిచాడు. ఉన్నానని చెప్పేదాకా ఊరుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తున్నాడు కూడా. ఒకసారి తనను, ఒకసారి తన వెనకనున్న సముద్రాన్ని. ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుంటున్నాడు దొంగ వెధవ అనుకున్నాడు రాజ్‌కిరణ్. లోవ తలుపులమ్మ తల్లికి కోడిపుంజును మొక్కుకున్నాడు. మరో మలుపు తిరిగాక మేకపోతును మొక్కుకున్నాడు.

ప్రతి మలుపులోనూ అదే కేక. ఉన్నావా, ఉన్నావా.

కొండపైన బండి ఆగింది. సముద్రం ఎక్కడో కింద నీలంగా కనబడుతోంది. అప్పలరాముడు వెంటనే దిగలేదు. మెల్లగా వెనక్కి తిరిగి మూటను తడిమాడు. తర్వాత రాజ్‌కిరణ్ భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు.

రాజ్‌కిరణ్‌కు ఏడుపొచ్చేసింది. "బండి తీసేసుకో బాబాయ్. నన్నొదిలెయ్. మా అమ్మకి నేనొక్కణ్ణే."

అప్పలరాముడు తెల్లబోయాడు. నిన్ను నేనేం చేస్తాను బాబూ అని నొచ్చుకున్నాడు. ఆ మూట తన మనవరాలి బరువనీ, రాజ్‌కిరణ్ అటూ ఇటూగా బుల్లమ్మ బరువుంటాడనీ, అందుకే ఎక్కించామనీ చెప్పాడు. ముగ్గుర్నీ ఇంత ఎత్తుకు ఆగకుండా తెచ్చింది కాబట్టి ఆ రేటు ఎక్కువేమీ కాదనీ, రేపే వచ్చి తీసుకుంటాననీ అన్నాడు.

పోయిన ప్రాణం తిరిగొచ్చాక రాజ్‌కిరణ్‌కు కోపమొచ్చింది. బరువు సంగతి సరే, దారి పొడుగునా ఆ ఉన్నావా ఉన్నావా ఏమిటని నిలదీశాడు. దాంతోనే సగం చచ్చానన్నాడు.

అప్పలరాముడు వంగి ముడి విప్పుతూ, కిందనున్న సముద్రాన్ని చూస్తూ చెప్పాడు.

"హట్ బేలో సముద్రం ఊరి మీద పడ్డ రోజు, మోపెడ్ మీద ఎనకాల కూకున్న మా పెద్దోణ్ణి, కొండెక్కినంతసేపూ 'ఉన్నావా' అని ఒక్కపాలైనా అడగనేదు బాబు."