ఆలస్యంగా మోగే పెట్టె

పెద్దాయన మళ్లీ వచ్చి, మందుల పెట్టెను ఇంజనీరమ్మ బల్ల మీద పెట్టాడు.

“ఆలస్యంగా మోగుతోందమ్మా.”

ఆమె నిట్టూర్చింది. వేళకు గంట కొట్టి, మాత్ర వేసుకోమని గుర్తుచేసే పెట్టెలవి. కొత్తగా చేసినవన్నీ సాయంత్రానికి ఆసుపత్రికి వెళ్లాలి. లోపలి చిప్‌లో టైమరు సరిచేసింది ఆమే. బాగున్నాయని సంతకం పెట్టాల్సిందీ ఆమే.

“పోయినసారి మీ ఎదురుగానే సరిచేశాను కదండీ.”

“ఇక్కడ బుద్ధిగానే ఉంటుంది. మా వంటింట్లోకి రాగానే బద్ధకం.”

పక్క బల్ల దగ్గరి సేల్స్ ఆయన నవ్వాడు. “మా బావమరిదీ అంతేనండీ. వంటింటి పని అంటే చాలు, కదలడు.”

పెద్దాయన కూడా నవ్వాడు. పెట్టె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆమె మీటరు తీగలు తగిలించి చూసింది. చిప్‌లో కాలాన్ని లెక్కపెట్టే ఆసిలేటర్ ఎంత వేగంతో కొట్టుకోవాలో అంత వేగంతోనే కొట్టుకుంటోంది. ఆమెకు అంతా అయోమయంగా ఉంది. తప్పు పెట్టెదా, పెద్దాయనదా, తనదా?

“మందులు ఎవరికండీ?”

“మా ఆవిడ కోసం కొన్నాను.”

“ఆవిడ పొరపాటున ఏదో నొక్కుతున్నారేమో చూడండి. దీంట్లో లోపం లేదు. ఊరికే తిరక్కండి బాబాయిగారూ.”

ఆయన పెట్టెను ఆమె వైపు జరిపాడు.

“కొత్తవి పంపేముందు ఇంకొక్కసారి చూడమ్మా,” అని పెట్టెను అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఏసీ చెడిపోయింది. గది కుంపటిలా తయారైంది. సంతకానికి కూర్చున్న ఆమె, ఇంకా తీగలతోనే ఉన్న పెద్దాయన పెట్టె వైపు యథాలాపంగా చూసింది. మీటరు మీద వేగం చూపే అంకె తగ్గుతోంది.

కొత్త పెట్టె తగిలించింది. అందులోనూ తగ్గింది.

చల్లటి గదిలో కూర్చుని సరిచేసిన ఆసిలేటర్ వేడికి మందగిస్తోంది. పొయ్యి పక్క అలమరలో పెడితే ఆ కాస్త వెనకబాటే రోజురోజుకీ పేరుకుపోతుంది. ఇళ్లలో వేడి ఉంటుందన్న సంగతే తనకు తట్టలేదు.

“నేను సంతకం పెట్టను,” అంది.

“ఆసుపత్రివాళ్లు నా పీక మీద కూర్చుంటారు మేడమ్,” అన్నాడు సేల్స్ ఆయన.

“కూర్చోనివ్వండి.”

అమ్మినవాటిని కూడా వెనక్కి తెప్పించింది. వేడిని బట్టి టైమరు తనంతట తానే దిద్దుకునేలా ప్రోగ్రాం మార్చి, పొయ్యి పక్కన పెట్టి మరీ పరీక్షించింది. మొదటి పెట్టెను తనే పెద్దాయన ఇంటికి తీసుకెళ్లింది.

కోడలు తలుపు తీసింది.

“మామయ్య మా ఆడబిడ్డ దగ్గరికి వెళ్లిపోయారండీ. ఇక ఇటు రారు.”

“పోనీ, ఇది మీ అత్తగారికి ఇవ్వండి. ఇక వేళ తప్పదు.”

కోడలు పెట్టె అందుకోలేదు.

“ఆ పెట్టె ఆలస్యంగా మోగిన రోజునే అత్తయ్య పోయారండీ, ఇంకొకరింట్లో అలా జరక్కూడదనే మామయ్య మీ చుట్టూ తిరిగారు.”