ముడి వేసిన తర్వాత

ద్రౌపది జుట్టు ముడివేసేదాకా దుర్యోధనుడు నేల మీంచి లేవకూడదు. మా ఊరి ధర్మరాజుల తిరునాళ్ల భారతంలో అది కట్టుబాటు.

ద్రౌపది వేషం రూపశ్రీది. దుర్యోధనుడు ఆమె మొగుడు మునిశేఖర్. అతని రొమ్ము మీద కాలు మోపి, జుట్టు విరబోసుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. ఎండ మండుతోంది.

"ముడెయ్యే," అన్నాడతను పళ్ల బిగువున.

"ఇంకెప్పుడూ కొట్టనని సెప్పు."

జనం గోవిందా అని అరుస్తున్నారు.

"కొట్టను. అమ్మతోడు."

ఆమె ముడివేసింది. అతను లేచి, మట్టి దులుపుకుంటూ నవ్వాడు. "ఇంటికి రా, సెప్తా."

ఆడవాళ్లు వరసగా వచ్చి ద్రౌపదమ్మ కాళ్లకు మొక్కుతున్నారు. పక్కింటామె వంగగానే రూపశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఈ పొద్దు రాత్రికి మీ ఇంట్లో పండుకుంటా."

పక్కింటామె ఆ పాదాల పసుపు కళ్లకద్దుకుంది. "మొగుడూ పెళ్లాల మధ్యకి మేమెందుకు తల్లీ," అని, వెనకున్నామెకు చోటిచ్చింది.