నాలుగో బ్యాటరీ

ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోయింది. పొదిగే మిషన్‌లో వేడి పడిపోతోంది. లోపల రేపో మాపో పిల్లలు కావాల్సిన గుడ్లు.

“దీనికి కారణమైనోడు ఇయ్యాల్టి నుంచి గీ షెడ్డుల ఉండొద్దు!” హ్యాచరీ యజమాని అబ్రార్ కేక పెట్టాడు. “కమ్లీ! బ్యాటరీలల్ల నీళ్లు పోసినవా, లేదా?”

“పోసిన సేఠ్.” మిషన్ మీద దుప్పట్లు కప్పుతూ అంది షెడ్డులో పనిచేసే కమ్లి. ఆమె అతని మొహంలోకి చూడలేదు.

గాలివానకు నస్రుల్లాబాద్ దగ్గర స్తంభాలు పడ్డాయి. బాన్సువాడకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. పిలిస్తే వచ్చిన మెకానిక్ జలీల్ నాలుగు బ్యాటరీలకూ వరసగా మీటరు పెట్టి చూశాడు.

“నీళ్లు మంచిగనే ఉన్నయి భాయ్. మూడు బ్యాటరీలు టకాటక్ ఉన్నయి. నాలుగోదే సచ్చింది. నాలుగు కల్సి గుంజే బండి ఇది. ఒక్కటి కూలవడ్డా ఆగుతది.”

“ఒక్కటే ఎట్ల సస్తది?”

“ఎవరో దీన్ని ఒక్కదాన్నే వాడుకుంటుండ్రు. గిదో, క్లిప్పుల గీతలు.”

అబ్రార్ బ్యాటరీ వెనక్కి చెయ్యి పెట్టాడు. సన్నటి వైరు తగిలింది.

“దొరికిండు దొంగ!”

జలీల్ తన ఆటోలోంచి వేరే బ్యాటరీ తెచ్చి కట్టే పనిలో పడ్డాడు. అబ్రార్ వైరు పట్టుకుని నడిచాడు. దాణా బస్తాల వెనక నుంచి, గోడ కంతలోంచి అది పక్కనే ఉన్న తన ఇంట్లోకే పోయింది. తల్లి రుఖయ్యా మంచం దగ్గర, ఆగిపోయిన చిన్న ఫ్యానుకు తగిలించి ఉంది.

ఆమె గుడ్ల అట్టతో విసురుకుంటూ ఆయాసపడుతోంది. “ఫ్యాన్ ఆగింది. గుడ్లకేమన్న అయిందా బేటా?”

వెనకే వచ్చిన కమ్లి ఏడ్చేసింది. “నేనే కట్టిన సేఠ్. ఒక్కదానికే తగిలిస్తే కడమ మూడు గుడ్లకు ఉంటయనుకున్న. తప్పయింది. పోత.”

“నన్నడగొద్దా?”

“పెద్దమ్మ ఫ్యానుకు కరెంటు అడిగింది గదా సేఠ్. ‘ఇన్వర్టర్ గుడ్లకే సాలదు, నువ్వు జర ఓర్చుకో’ అని మీరే అన్నరు.”

అబ్రార్ చేతిలోంచి వైరు జారింది. షెడ్డులో మిషన్ మళ్లీ మొదలైన చప్పుడు వినిపించింది. జలీల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నడుస్తుంది భాయ్, ఫికర్ లేదు. ఇంతకు షెడ్డుల ఉండొద్దన్నోడు దొరికిండా? పేరేంది?”

అట్టతో విసురుకుంటున్న తల్లి చేతినే చూస్తూ అతను చెప్పాడు.

“అబ్రార్.”