ఆయన రొట్టె

జమ్మలమడుగులో తెల్లారిందంటే అన్నపూర్ణమ్మ అంగడి ముందర జనం. అందరూ టీలో ముంచుకుని తినే సోంపు బన్ను కోసమే. దాన్ని ఊరంతా 'ఆయన రొట్టె' అంటుంది. గండికోట చూడ్డానికొచ్చినవాళ్లు కూడా ఆ పేరే చెప్పి కట్టించుకుపోతారు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఎవడో 'అసలైన ఆయన రొట్టె' అని బోర్డు పెట్టి, పైగా ఈమెకే నోటీసు పంపాడు. పేరు ఎట్లా వచ్చిందో కాగితం మీద రాసివ్వకపోతే ఈమె బోర్డు దించుకోవాల్సిందే. నలభై ఏళ్ల అంగడి. రెండు రోజులుగా అన్నపూర్ణమ్మకు ముద్ద దిగడం లేదు.

లాయరు పంపితే అతని జూనియరు సాహితి పొద్దున్నే కాగితాలతో వచ్చింది.

"పేరెట్లొచ్చింది అవ్వా?"

"నాకు ఈ పని నేర్పింది ఆయన. ఏం రొట్టె ఇది అని ఎవురడిగినా, ఆయన రొట్టె అంటాంటి. అదే నిల్చిపాయ."

"ఆయన పేరేంది?"

అన్నపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పేరు నా నోటితో యాడ చెప్పేది పాపా!"

సాహితికి నవ్వొచ్చింది. వాళ్ల జేజి కూడా ఇంతే. రేషన్ కార్డు వాళ్లకు తాత పేరు చెప్పడానికి పక్కింటామెను పిలుచుకొచ్చిన మనిషి. పోనీలెమ్మని పెన్ను చేతికిచ్చింది.

అన్నపూర్ణమ్మ 'ధనుంజయ' అని రాసింది. రాసినదాన్ని కాసేపు చూసుకుంది.

"ఇప్పుడు లేరా?"

"లేడు పాపా. శానా ఏండ్లాయె."

గూట్లో ఎవరూ ముట్టని రొట్టె ఒకటుంది. రోజూ తొలి వాయలో మొదటిది ఆయనకేనట. సాహితికి కళ్లు చెమర్చాయి. ఎంత అదృష్టవంతుడో మహానుభావుడు అనుకుంది.

"సాక్షి కావాలవ్వా. మొదట్నుంచీ చూసినోళ్లు ఎవరన్నా."

"నాగభూషణం! పిండి తర్వాత పిసుకుదువులే, ఈడికి రా. సంతకం చేసిపో."

బట్టీ దగ్గర మాడిన రొట్టె నములుతున్న ముసలివాడు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఆమె ముందర చల్లారిపోయిన టీ తీసి, వేడిది పెట్టాడు. కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు.

"అవ్వకు నువ్వేమవుతావో ఈ గడిలో రాయి తాతా," అంది సాహితి. "పనిమనిషైనా పర్వాలేదు."

నాగభూషణం సంతకం చేసి, గడిలో గుండ్రంగా 'భర్త' అని రాసి, మళ్లీ పిండి దగ్గరికి పోయాడు.