ఎవరిదీ కాని కలుగు

వానల్లో ఎవరూ పస్తుండకూడదని, ఎవరి కలుగులో గింజలుంటే వాళ్లు పదో వంతు ఉమ్మడి పాతరకు ఇవ్వాలని ఆ పొలంగట్టు జీవులు కట్టుబాటు పెట్టుకున్నాయి. చీమ తన నూకలోంచే కొరికి ఇచ్చింది. పందికొక్కు మాత్రం, "నా కలుగు ఖాళీ, చూసుకోండి" అంది.

మరి దానికి ఆ బానపొట్ట ఎలా వచ్చింది? చీమ ఉండబట్టలేక లోపలికెళ్లింది. వెనక సొరంగం, దాని చివర ఇంకో కలుగు, నిండా వడ్లు!

"ఇదెవరిది మామా?"

"ఎవరిదీ కాదు. పాము వదిలేసి పోయింది."

"మరి వడ్లో?"

"ఎవరిదీ కాని కలుగులోవి ఎవరివీ కావు. వాటికి వంతూ లేదు" అని పందికొక్కు మీసం దువ్వింది.

తెల్లారేసరికి ఆ కలుగు నుంచి పాతర దాకా చీమలు బారులు తీరాయి.

"దొంగలు! నా వడ్లు!" అని పందికొక్కు లబోదిబోమంది.

చీమ మోస్తున్న గింజ దించి అడిగింది: "నీవా మామా? ముందే చెబితే పదో వంతుతో పోయేదిగా!"