నిమ్మకాయల గీత

ఐలేశ్ ఆటోను ఉన్నట్టుండి ఆపాడు.

బాటకు అడ్డంగా పదకొండు నిమ్మకాయలు వరుసగా ఉన్నాయి. ప్రతి కాయకూ పసుపు, కుంకుమ. నడుమ పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ.

"నేను దాటను సార్. పెండ్లాం పిల్లలున్నోణ్ణి."

"ఎవరు పెట్టారయ్యా ఇవి?" దర్శకుడి గొంతులో భయం లేదు, దెయ్యం సినిమాకు వెతుకుతున్న చోటు దొరికిన సంబరం ఉంది.

"చాంద్‌బీ అని ఒక ముసలామె. ఏడికెల్లి వచ్చిందో ఎవలకెరుక? చేతబడి చేస్తదంటరు. గీ గీత దాటి గొర్లను గూడ తోలరు."

సకల జనుల సమ్మె మూడో వారంలో ఉంది. బస్సులు లేవు. నర్మెట్ట దాటినప్పటి నుంచి దారిలో మనిషి కనబడలేదు. ఊళ్లకు ఊళ్లు రాస్తారోకో కోసం జనగామ రోడ్డెక్కాయి.

"ఆటోకు తెలంగాణ జెండా కట్టిన గనుక గీడిదాంక వచ్చినం. లేకుంటే మీ కెమెరా ఇప్పుడు దీక్ష టెంటుల ఉంటుండె," అన్నాడు ఐలేశ్.

గీతకు అవతల నల్లని బండలు. వాటిలోకి పోయే బాట ఇదొక్కటే. బండల నడుమ, గడ్డిపోచ మొలవని ఆ నేలలో, నున్నని పచ్చిక పరుచుకుని ఉంది. గాలి వీస్తోంది. పచ్చిక మాత్రం కదలడం లేదు.

సహాయ దర్శకురాలు నీరజ ఆటో దిగి, గీతకు దూరంగా నిలబడింది. ఆమెది జనగామే. పల్లెల్లో జరిగే భయం సినిమాలంటే చిన్ననాటి నుంచి ప్రాణం. కానీ హాల్లో కూర్చుని వణకడంలోని సుఖం ఇక్కడ లేదు.

"దెయ్యం కనబడితే జనం నవ్వుతారు నీరజా," అన్నాడు దర్శకుడు. "ఏమీ జరగని చోటే భయం పుడుతుంది. ఈ రాళ్లు, ఈ మౌనం చాలు."

"పోండ్రి!"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. బండ మీద ఒక ముసలామె. తలమీదుగా తెల్లచీర, చేతిలో కర్ర, కాటుక పూసిన కళ్లు.

"గీత దాటితే నెత్తురు కక్కి చస్తరు!"

దర్శకుడు కెమెరా ఎత్తాడు. "ఆ యాస విన్నావా? దెయ్యానికి అచ్చం ఇదే పెట్టాలి."

"ఇన్నొద్దులు జోకర్లకు పెట్టిండ్రు. ఇగ దయ్యాలకా సార్?" అన్నాడు ఐలేశ్.

దర్శకుడు నవ్వాడు. నీరజ నవ్వలేదు.

"నీరజా, ఆ నిమ్మకాయలు తెచ్చి ఈ రాతి మీద పేర్చు. ఫ్రేములోకి రావాలి. తర్వాత నువ్వే ఆ పచ్చిక దాకా నడువు. హీరోయిన్ నడక ఎలా ఉంటుందో చూసుకుంటాను."

నీరజ ఒక్కొక్క కాయనూ చున్నీలోకి ఏరుకుంది. రాతి మీద పేర్చింది. బండల్లోకి, పచ్చిక అంచు దాకా నడిచింది.

ముసలామె కర్ర ఊపుతూ బండ దిగి పరుగెత్తుకొచ్చింది. "అరె, మత్ జావ్! పోకు!"

కేకకు ఇటు తిరిగి, ఆ కళ్లను చూసి నీరజ అడుగు వెనక్కి వేసింది. మరో అడుగు. మూడో అడుగుకు కాలి కింద నేల లేదు.

పచ్చిక చిరిగింది. అడుగున నల్లని నీళ్లు.

కేక వేయబోయిన నోట్లోకి నాచు దూరింది. రెండోసారి పైకి తేలినప్పుడు ముఖానికి తగిలింది తెల్లచీర కొంగు. అంచున బోర్లా పడుకుని ఉంది చాంద్‌బీ.

"ఇడువకు బేటీ. ఇడువకు."

ఆ గొంతు వేరు.

ఐలేశ్ చెప్పులు కూడా వదలకుండా గీత ఉన్న చోటు దాటి ఉరికాడు. నీరజ జబ్బ పట్టి లాగాడు. ఆ ఊపులో నాచు పట్టిన రాయి మీద ముసలామె జారింది. పచ్చదనం ఆమెపై మెల్లగా మూసుకుంది.

కెమెరా తిరుగుతూనే ఉంది.

పొద్దు గూకేవేళకు ఊరు తిరిగొచ్చింది. ఈతగాళ్లు శవాన్ని ఒడ్డుకు చేర్చారు. జనం దూరంగానే నిలబడ్డారు. నిమ్మతోట సోమక్క ఒక్కతే పక్కన కూర్చుని ఆమె ముఖం మీది నాచు తుడిచింది.

"క్వారీ గుంత బిడ్డా. రాయి అయిపోంగనే ఇడిసిపెట్టి పోయిండ్రు."

"ఒక బోర్డన్నా పెట్టలేదా అక్కా?" అంది నీరజ.

"గీమెనే పెట్టింది. వారంల ఎవలో పొయ్యిలకు ఎత్తుకపోయిండ్రు. ముండ్లకంప ఏసింది. అదీ పోయింది. నిమ్మకాయను మాత్రం ఎవ్వలు ముట్టలే. నా తోటల పనిచేసి, కూలి కింద కాయలే కొండవొయ్యేది."

"మరి ఇది మంత్రం కాదని ఊరికి చెప్పకపోయినవా?"

"చెప్తే ఎవలు భయపడ్తరు? మంత్రాలదని ఉమ్మేసినా ఊకున్నది. నాతోని ఒట్టు ఏయించుకున్నది."

నీరజ రాతి మీది కాయలు తెచ్చి, బాటకు అడ్డంగా మళ్లీ ఒక్కొక్కటే పెట్టసాగింది. పదకొండోది చేతిలోనే ఆగిపోయింది.

"పదకొండే ఎందుకక్కా?"

"ఏడాదికొక్కటి పెంచుకుంట వచ్చింది," అంది సోమక్క. "గీమెలెక్క రాళ్లు కొట్టనీకి మరిపెడ దిక్కుకెల్లి వచ్చి గీడ గుడిసెలేసుకున్నోళ్ల మొఖాలు ఊరికేం యాదుంటయి? పదకొండేండ్ల కింద గా గుంతల పడి పోయిన మొదటి పిల్ల, ఆకరి పిల్ల, గీమె బిడ్డ షిఫానే."